సెకనుకు వంద మీటర్లు

కూర్మన్నపాలెం జంక్షన్‌లో షిఫ్టు మారే వేళ ఎన్ని రకాల బండ్లు కనబడతాయో మీకు చెప్పనక్కరలేదు. సిటీ బస్సులు, గాజువాక ఆటోలు, హైవే మీద ఉక్కు మోసుకుపోయే ట్రాలీ లారీలు, విశాఖ ఉక్కు ప్లాంటు గేటు వైపు మలుపు తిరిగే బైకుల బారు. వీటిలో ఏదీ గంటకు 350 కిలోమీటర్ల వేగంతో వెళ్లదు. వెళ్లకూడదు కూడా. అయినా ఆ వేగం మన ఊరివాళ్లకు పరాయిది కాదు. వైర్ రాడ్ మిల్లులో పనిచేసిన వారిని అడగండి, చెబుతారు.

ఎర్రగా కాగిన బిల్లెట్, అంటే ఉక్కు దిమ్మె, మిల్లులోకి పోయేటప్పుడు మనిషి నడక కంటే నెమ్మదిగా పోతుంది. ఒక్కొక్క రోలర్ల స్టాండు దాటుతూ సన్నబడుతుంది. లోపలికి ఎంత ఉక్కు పోయిందో క్షణక్షణానికీ అంత ఉక్కే బయటికి రావాలి కాబట్టి, సన్నబడే కొద్దీ వేగం పెరగక తప్పదు. 125 మిల్లీమీటర్ల చతురస్రపు బిల్లెట్ 5.5 మిల్లీమీటర్ల తీగ అయ్యేసరికి దాని వేగం 650 రెట్లకు పైగా పెరుగుతుంది. ఆధునిక వైర్ రాడ్ మిల్లుల్లో ఆఖరి బ్లాకు నుంచి తీగ దూసుకొచ్చే వేగం సెకనుకు 100 మీటర్ల దాకా ఉంటుంది. అంటే గంటకు 360 కిలోమీటర్లు. అక్కడ కాబుల్ అయితే, అంటే తీగ దారి తప్పి బయటికి ఎగిస్తే, ఏమవుతుందో చూసినవాళ్లు మరిచిపోలేరు.

ప్రపంచంలో కోట్ల రూపాయల ఖరీదు చేసే కార్లు సరిగ్గా ఈ వేగం కోసమే పుట్టాయి. వాటిని హైపర్‌కార్లంటారు. ఈ రోజు వాటి గురించి మాట్లాడతాను. వాటి ధరలు, వాటిని కొన్నవాళ్ల వైభోగం నాకు పట్టవు. ఆ యంత్రం లోపల జరుగుతున్న పని ఉక్కు తయారుచేసే మనకు బాగా దగ్గరిది. అది చెప్పాలని నా తాపత్రయం.

ఉదాహరణకు ఒక కారును తీసుకుందాం. దాని పేరు బాటిస్టా. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో 1930లో కార్ల బాడీలు కట్టే కార్ఖానా పెట్టిన బాటిస్టా ఫరీనా పేరు మీద వచ్చింది. ఆయన స్థాపించిన పినిన్‌ఫరీనా సంస్థను మన మహీంద్రా వారు కొనే ఒప్పందం 2015 డిసెంబరులో కుదిరింది. 2018లో ఆటోమొబిలీ పినిన్‌ఫరీనా అనే కొత్త కంపెనీ మొదలైంది. 2019 మార్చిలో జెనీవా ప్రదర్శనలో ఈ కారును లోకానికి చూపించారు. 150 కార్లు మాత్రమే చేస్తామన్నారు. రూపం ఇటలీ వారిది, బ్యాటరీ, మోటార్ల పరిజ్ఞానం క్రొయేషియాలోని రిమాక్ వారిది, యాజమాన్యం భారతీయులది. పెట్రోలు చుక్క లేదు. చక్రానికి ఒకటి చొప్పున నాలుగు కరెంటు మోటార్లు. నాలుగూ కలిసి 1,900 హార్స్‌పవర్. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 1.86 సెకన్లు. 200కు 4.75 సెకన్లు. గరిష్ఠ వేగం 350.

ఈ కారు హైదరాబాదు చూసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున మన దేశంలో తొలి ఫార్ములా-ఈ కరెంటు కార్ల పందెం జరిగింది కదా, ఆ సందర్భంలో దాన్ని తెచ్చారు. మధ్యప్రదేశ్‌లో పీతంపూర్ దగ్గరున్న నాట్రాక్స్ పరీక్షా కేంద్రంలో కూడా పరుగెత్తించారు. పావు మైలు, అంటే 402 మీటర్లు, 8.55 సెకన్లలో దాటింది. అర మైలుకు 13.38 సెకన్లు.

ఇప్పుడు 1,900 హార్స్‌పవర్ అంటే ఎంతో ఆలోచించండి. దువ్వాడ స్టేషన్ మీదుగా గూడ్సు బళ్లు లాగే డబ్ల్యూఏజీ-9 కరెంటు ఇంజను శక్తి 6,120 హార్స్‌పవర్, బరువు 123 టన్నులు. టన్ను బరువుకు 50 హార్స్‌పవర్ పడుతుంది. బాటిస్టా బరువు సుమారు 2.2 టన్నులు. టన్నుకు 860 చొప్పున లెక్క తేలుతుంది. అంత శక్తి ఉంటే కారు బాణంలా పోతుందనుకుంటాం. పోదు. ఊరికే శక్తి పెంచితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, టైర్లు పొగ కక్కుతాయి. కారును ముందుకు నెట్టేది మోటారు అనుకుంటాం గాని, నిజానికి నెట్టేది రోడ్డు. టైరు రోడ్డును వెనక్కి తోస్తే రోడ్డు కారును ముందుకు తోస్తుంది. ఆ పట్టు ఎంతో ఆరంభంలో వేగం అంతే.

1.86 సెకన్లలో 100 అందుకోవడమంటే భూమ్యాకర్షణకు ఒకటిన్నర రెట్ల త్వరణం. పొడి రోడ్డు మీద మామూలు కారు టైరుకు ఆ ఆకర్షణలో 80, 90 శాతం పట్టు దొరికితే గొప్ప. రైలింజనుకూ ఇదే చిక్కు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం జారిపోతుంది. అందుకే రైల్వే వాళ్లు డబ్ల్యూఏజీ-9హెచ్ అనే రకంలో కావాలనే బరువు చేర్చి ఇంజనును 132 టన్నులు చేశారు. బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, ఎక్కువ వ్యాగన్లు లాగవచ్చు. కారుకు ఆ ఉపాయం పనికిరాదు. కారు లాగవలసింది తన బరువునే. బరువు పెంచితే పట్టు పెరిగిన మేరకు లాగవలసిన భారమూ పెరుగుతుంది, లాభం సున్నా. అందుకని ఆరంభంలో ఆ పట్టు టైరు రబ్బరు నుంచే రావాలి. వేగం అందుకున్నాక బరువు లేకుండా కిందికి నొక్కే శక్తి కూడా తోడవుతుంది. దాన్ని గాలి నుంచి తీసుకుంటారు. కారు వెనుక ఉండే రెక్క, అడుగున ఉండే ప్రత్యేకమైన వంపులు గాలి ప్రవాహాన్ని మలిచి కారును రోడ్డుకు అదిమి పెడతాయి. విమానం రెక్కను తలకిందులు చేసి బిగించినట్టే.

కాని గాలి ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కుంటుంది. వేగం మూడున్నర రెట్లు పెరిగితే గాలి అడ్డు పన్నెండు రెట్లు పెరుగుతుంది. ఆ అడ్డును తోసుకుపోవడానికి కావలసిన శక్తి దాదాపు 43 రెట్లు. 100 నుంచి 350కి వెళ్లడంలో ఉన్న కష్టమంతా ఇదే. 2019 ఆగస్టులో బుగాటి వారి పెట్రోలు కారు షిరాన్ జర్మనీలో 490.48 కిలోమీటర్ల వేగం అందుకుంది. 2025 సెప్టెంబరులో చైనా కంపెనీ బీవైడీ వారి కరెంటు కారు, యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్, 496.22 అందుకుంది. ఆరేళ్లలో పెరిగింది ఆరు కిలోమీటర్లు కూడా కాదు. ఆ ఎత్తులో ఒక్కొక్క కిలోమీటరూ అంత ఖరీదు.

ఇక టైరు దగ్గర కాసేపు ఆగుదాం. నా లెక్కలో హైపర్‌కారు మొత్తంలో అతి గొప్ప వస్తువు అదే. దాన్ని ఎవరూ ఫోటో తీయరు.

గంటకు 350 వేగంలో చక్రం సెకనుకు 44 చుట్లు తిరుగుతుంది. టైరు పైపొర మీదున్న ప్రతి రబ్బరు రేణువూ బయటికి ఎగిరిపోవాలని చూస్తుంది. లెక్క కడితే ఒక్క గ్రాము రబ్బరు రెండు కిలోల ఏడు వందల గ్రాముల బరువుతో బయటికి గుంజుతుంది. 490 వేగంలో అయితే అదే గ్రాము ఐదు కిలోల పైచిలుకు. అందుకే బుగాటి వారి ఆ పరుగుకు ముందు టైర్లను ఎక్స్‌రే తీసి చూసి, లోపల ఏ లోపమూ లేదని నిర్ధారించుకున్నాకే బిగించారు. ఆ రబ్బరును పట్టి ఉంచే ముఖ్యమైన బలం ఎవరిదంటారా? ఉక్కుది. రబ్బరు కింద నడుముకు కట్టినట్టు చుట్టి ఉండే ఉక్కు తీగల పట్టీది.

ఆ తీగ ఎక్కడ పుడుతుందో చూడండి. అది కూడా మొదట 5.5 మిల్లీమీటర్ల వైర్ రాడ్డే. కార్బను నూటికి 0.7 నుంచి 0.9 వంతులుండే గట్టి ఉక్కు. ఆ రాడ్డును డైల గుండా లాగి లాగి, మధ్యలో వేడిచేసి మెత్తబరచి, మళ్లీ లాగి, చివరికి మిల్లీమీటరులో ఐదో వంతు, నాలుగో వంతు మందానికి తెస్తారు. రబ్బరు అంటుకోవడానికి పైన ఇత్తడి పూత వేస్తారు. కొన్ని తీగల్ని కలిపి పేని తాడు చేస్తారు. అదే టైరు కార్డు. మన ఇళ్ల స్లాబుల్లో వేసే ఎఫ్ఈ-500 కడ్డీ చదరపు మిల్లీమీటరుకు 50 కిలోల లాగుడు దగ్గర సాగడం మొదలుపెడుతుంది. ఈ సన్నతీగ తెగాలంటే అదే లెక్కన దాదాపు 300 కిలోల లాగుడు కావాలి.

అంత సన్నగా లాగేటప్పుడు ఉక్కులో ఏ మలినమున్నా తీగ పుటుక్కున తెగుతుంది. మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉండే అల్యూమినా రేణువు చాలు. అంటే టైరు బలం లోహాన్ని కరిగించే చోటే, స్టీల్ మెల్టింగ్ షాపులో, లాడిల్‌లో తెట్టు ఎలా చేశారు, పోత పోసేటప్పుడు గాలి తగలకుండా ఎంత జాగ్రత్త పడ్డారు అన్నదాని మీద నిలబడి ఉంది. రోలింగ్ అయిన తర్వాత కూడా పని ముగియలేదు. చుట్టలు చుట్టలుగా కన్వేయర్ మీద పడిన ఎర్రటి తీగ మీద కిందినుంచి గాలి కొడతారు. ఆ చల్లార్చే తీరు కాస్త తేడా వస్తే లోపలి నిర్మాణమే మారిపోతుంది, తీగ లాగుడుకు పనికిరాకుండా పోతుంది. ఇదంతా చేసేవారు ఏ.సి. గదుల్లో కూర్చుని కారు గీతలు గీసేవారు కారు. రాత్రి షిఫ్టులో వేడి పొగల మధ్య నిలబడే కార్మికులు. హైపర్‌కారు గురించి రాసే పత్రికల్లో వీళ్ల ప్రస్తావన నాకు ఎప్పుడూ కనబడలేదు. నాకు అది అన్యాయంగా తోస్తుంది.

ఉక్కు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతాను. బాటిస్టా దేహం ఉక్కుది కాదు. కార్బన్ ఫైబర్‌తో ఒకే తొట్టెలా పోసిన మోనోకాక్ అది. దాని సాంద్రత ఉక్కు సాంద్రతలో సుమారు ఐదో వంతు. బరువు తగ్గించాలన్నప్పుడు ఉక్కు పక్కకు తప్పుకోవలసిందే. బేరింగులు, పళ్లచక్రాలు, షాఫ్టులు, మోటారు లోపలి సిలికాన్ ఉక్కు రేకులు, టైరు కార్డు వంటి చోట్ల మాత్రం ఉక్కును తప్పించగల పదార్థం ఇంకా రాలేదు. ఇవన్నీ తక్కువ బరువు, ఎక్కువ విలువ ఉండే రకాలు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని అవసరం ఉంది.

ఇప్పుడు వేడి సంగతి. ఉక్కు ప్లాంటులో పనంతా వేడితోనే. వేడి పుట్టించడం ఒక ఎత్తు, దాన్ని అదుపులో పెట్టడం పది ఎత్తులు. బ్లాస్ట్ ఫర్నేసులో 1,500 డిగ్రీల ద్రవలోహం తయారవుతుంది. చుట్టూ గోడల్లో నీళ్లు తిరగకపోతే ఆ కొలిమి తనను తానే కరిగించుకుంటుంది. హైపర్‌కారు కూడా అదే బాపతు. 2005లో వచ్చిన బుగాటి వేరాన్ పెట్రోలు ఇంజను శక్తి 1,001 హార్స్‌పవర్. పెట్రోలు ఇంజనులో చక్రానికి చేరేది సుమారు మూడో వంతు, మిగతా రెండు వంతులూ వేడే. ఆ కారుకు పది రేడియేటర్లు పెట్టారు. కరెంటు కారులో ఇంత వృథా లేదు. అయినా 1,400 కిలోవాట్లలో నూటికి పది వంతులు పోయాయనుకున్నా 140 కిలోవాట్ల వేడి. లిథియం సెల్లులు సుమారు 60 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతాయి. అందుకే బ్యాటరీ చుట్టూ ద్రవం తిరుగుతూనే ఉండాలి. పూర్తి శక్తి వాడితే 120 కిలోవాట్-అవర్ల ఆ బ్యాటరీ ఐదు నిమిషాల్లో ఖాళీ. నెమ్మదిగా నడిపితే అదే బ్యాటరీ 476 కిలోమీటర్లు తీసుకుపోతుందని యూరపు పరీక్షల లెక్క.

ఆపడంలోనూ వేడే. 350 వేగంలో పోయే 2.2 టన్నుల కారులో ఉన్న శక్తి, మామూలు చల్లని నీళ్లు 35 లీటర్లను మరుగు స్థాయికి తెచ్చే వేడితో సమానం. అంత వేడిని కొద్ది సెకన్లలో నాలుగు బ్రేకు పళ్లాలు మింగాలి. పోత ఇనుము పళ్లేలు ఎర్రబారి పట్టు వదిలేస్తాయి కనుక, కార్బన్, సిలికాన్ కార్బైడ్ కలిసిన సెరామిక్ పళ్లేలు వేస్తారు. 100 వేగం నుంచి 31 మీటర్లలో నిలబడుతుంది ఆ కారు.

ఇంకా మంచి ఉపాయం ఏమిటంటే, ఆ వేడిని అసలు పుట్టనివ్వకుండా కరెంటుగా వెనక్కి తీసుకోవడం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల దారిలో పరుగెత్తిన ఫార్ములా-ఈ కార్లకు వెనుక చక్రాలకు మామూలు బ్రేకులే లేవు. మోటార్లే జనరేటర్లుగా మారి బండిని ఆపుతాయి. ముందు 250, వెనుక 350, మొత్తం 600 కిలోవాట్ల దాకా వెనక్కి వస్తుంది. పందెంలో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా దక్కినదే. ఆ రోజు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ వేగంగా తోలడమే కాదు, చివరి ల్యాపుల్లో బ్యాటరీలో ఎంత మిగిలిందో కనిపెట్టుకుంటూ తోలాడు.

శ్రోతల్లో ప్లాంటు వాళ్లుంటే ఇది విని నవ్వుకుంటూ ఉంటారు. ఈ విద్య విశాఖ ఉక్కుకు ముప్పై ఏళ్ల నాటిది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు గారు జాతికి అంకితం చేసిన ఈ కర్మాగారంలో గోదావరి, కృష్ణ అనే బ్లాస్ట్ ఫర్నేసుల పైనుంచి వచ్చే గ్యాసు పీడనాన్ని ఊరికే వదలకుండా టర్బైన్ల గుండా పంపి, ఒక్కొక్క దాని నుంచి 12 మెగావాట్ల కరెంటు తీసే ఏర్పాటు చేశారు. కోక్ ఓవెన్ల నుంచి వచ్చే ఎర్రటి కోకును నీళ్లు పోసి ఆర్పితే ఆ వేడంతా ఆవిరై ఆకాశానికి పోతుంది. ఇక్కడ నైట్రోజన్‌తో ఆర్పి, ఆ వేడితో ఆవిరి పుట్టించి, మళ్లీ కరెంటు చేస్తారు. ఆగే కారు నుంచి కరెంటు తీసే ఆలోచనకూ, ఆరే కోకు నుంచి కరెంటు తీసే ఆలోచనకూ తేడా నాకేమీ కనబడదు. ఇప్పుడు గాజువాక రోడ్ల మీద తిరిగే కరెంటు స్కూటర్లలో కూడా చిన్న ఎత్తున ఇదే పని జరుగుతోంది.

ఇరవై లక్షల యూరోల కారు మనకెందుకని కొందరు అడగవచ్చు. కొనడానికి కాదు. 1953లో ల్ మాన్స్ 24 గంటల పందెంలో జాగ్వార్ కారు డిస్క్ బ్రేకులతో గెలిచింది. ఆనాడు అది ధనవంతుల పందెపు కార్ల సంగతి. ఈనాడు మన పిల్లలు కాలేజీకి వేసుకెళ్లే బైకు ముందు చక్రానికి ఆ బ్రేకే ఉంది. ఆపదలో ప్రాణం కాపాడేది అదే.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడికి వచ్చింది. హైపర్‌కారును మనం బొమ్మగా చూసి చప్పట్లు కొట్టడం ఆపాలి. పదార్థాలకు పెట్టే పరీక్షగా దాన్ని చదవాలి. ఆ పరీక్షలో నెగ్గే లోహాలు తెలుగు నేల మీద లేవా? హైదరాబాదులోని మిధాని 1973 నుంచి ఉంది. టైటానియం, సూపర్ ఎల్లాయ్‌లు, మారేజింగ్ స్టీలు చేసి అంతరిక్షానికీ, రక్షణ రంగానికీ ఇస్తోంది. అమరరాజా వారు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన చేశారు. విశాఖలో ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యమున్న ఉక్కు కర్మాగారం ఉంది. ఎన్ని ప్రాణాలు పోతే, ఎంతమంది రైతులు భూములిస్తే వచ్చిందో మనకు తెలుసు. దాన్ని ప్రైవేటుపరం కాకుండా నిలబెట్టుకోవడానికి 2021 నుంచి కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చున్నవారినీ చూశాం. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఆ డబ్బు అప్పుల లెక్కల్లోనే కరిగిపోకూడదు. టన్నుల లెక్కన అమ్ముకునే ఉక్కు నుంచి, ఇందాక చెప్పిన తక్కువ బరువు, ఎక్కువ విలువ గల ఉక్కు వైపు, బేరింగులకు, పళ్లచక్రాలకు, టైరు కార్డుకు పనికివచ్చే శుభ్రమైన ఉక్కు వైపు ప్లాంటు బలంగా అడుగు వేయాలి. అది చేయగల చేతులు ఉక్కునగరంలో ఉన్నాయి.

ఇక కుర్రాళ్లకు రెండు మాటలు. జాతీయ రహదారి మీద, బీచ్ రోడ్డు మీద బైకులతో పందేలు వద్దు. మీ బైకు టైరుకు ఒకటిన్నర రెట్ల పట్టు లేదు, హైవేకు నాట్రాక్స్ లాంటి కంచె లేదు. వేగం మీద అంత ఇష్టముంటే దానికి సరైన చోటు ఉంది. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో ఫార్ములా భారత్ పోటీ జరుగుతుంది. ఇంజనీరింగు విద్యార్థులే జట్టుగా కారు గీసి, కట్టి, తోలి చూపించాలి. కరెంటు కార్లకు వేరే విభాగం ఉంది. గాజువాక, కూర్మన్నపాలెం చుట్టుపక్కల కాలేజీల్లో చదివే మీ ఇళ్లలో నాన్నో, బాబాయో, తాతగారో ఏదో ఒక మిల్లులో పనిచేసినవారే ఉంటారు. వారిని అడగండి. వెల్డింగు ఎక్కడ తెగుతుందో, షాఫ్టు ఎందుకు విరుగుతుందో, బేరింగు ఎందుకు కాలుతుందో పుస్తకం కంటే బాగా చెబుతారు. ప్రిన్సిపాళ్లకు నా మనవి: వర్క్‌షాపు తలుపులు సాయంత్రం ఐదు తర్వాత కూడా తెరిచి ఉంచండి, రిటైరైన ఫోర్‌మెన్లను పిలిచి పిల్లల పక్కన నిలబెట్టండి. ఈ విద్యా సంవత్సరంలోనే జట్టు కట్టండి.